మంచినీళ్ళు వద్దన్న ఆదివారం

హోమ్ నర్సింగ్‌లో కొత్తగా చేరుతున్న ఇద్దరు తెలుగమ్మాయిలు మొన్న మా ఇంటికి వచ్చారు. "ఆంటీ, ఈ ఉద్యోగంలో ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగారు. భయపడటం నేర్చుకోండి అన్నాను. ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది కూడా. నవ్వితే నవ్వింది గానీ, నేను వేళాకోళానికి అనలేదు.

ఆసుపత్రి వార్డులో నర్సుకు పక్కన డాక్టరు ఉంటాడు. గంట కొడితే నలుగురు పరిగెత్తుకొస్తారు. ఇంటింటికీ తిరిగి కట్లు కట్టే నర్సుకు ఎవరున్నారు? భుజాన ఒక సంచీ, అందులో గాజుగుడ్డ, కత్తెర, మందు సీసాలు. అంతే. సింగపూర్‌లో ఈ పని చేసినన్నాళ్ళూ ఏ ఫ్లాట్‌కు వెళ్తున్నా లిఫ్టులో పైకి పోతుంటే నాకు దడగా ఉండేది. మొన్న చూసిన పుండు ఇవాళ ఎలా ఉందో, తలుపు తీసేవాళ్ళు ఏ మొహంతో తీస్తారో అని. రిటైరయ్యాక కూడా లిఫ్టు ఎక్కితే ఆ దడ పోలేదు, చూడండి మరి.

ప్రమోషన్ల గురించీ ఆడిట్ల గురించీ నేను రాయను. అవి ఆఫీసువాళ్ళే చెప్తారు, వద్దన్నా చెప్తారు. నేను ఒక కాలు గురించి రాస్తాను. సింగపూర్‌లోనే హౌగాంగ్ అనే పేటలో ఉండే లింగయ్య అనే పెద్దాయన కాలు. ఆ కాలు పోతుందేమోనని ఒక వారమంతా నాకు కంటిమీద కునుకు లేదు. ఒకవేళ పోయుంటే, నేను ఒక గ్లాసు మంచినీళ్ళు వద్దన్నందుకు పోయేది.

వద్దనడం ఎంత కష్టమో

నేను మోర్మన్‌ని. ఈ మాట మన తెలుగువాళ్ళ దగ్గర అంటే, "అంటే క్రిస్టియన్సేగా?" అంటారు. అవునండి అంటే, "మరి ఏ చర్చి?" అంటారు. కాస్త వివరంగా చెప్పామా, "ఓహో, ఆ నలుగురైదుగురు పెళ్ళాల..." అని నాలుక్కరుచుకుంటారు. అది మావాళ్ళు మానేసి తాతముత్తాతల కాలం దాటిపోయిందండీ బాబూ, మా ఆయనకు నేనొక్కదాన్నే ఎక్కువయ్యాను అని చెప్పి చెప్పి అలిసిపోయాను.

నేను రాజమండ్రిలో నర్సింగ్ చదువుతుండగా తెల్లచొక్కాలు వేసుకున్న ఇద్దరు మోర్మన్ యువకులు మా వీధిలోకి వచ్చి మా నాన్నతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నాం. ఆ రోజే నాన్న తన పేరు చివర ఉన్న కులం తోక తీసేశాడు. ఊళ్ళో పెద్ద ఇంటివాళ్ళం కాబట్టి బంధువులు చాలామంది మాతో మాటలు మానేశారు. నాన్న లెక్కచేయలేదు. మా చర్చిలో అందరూ బ్రదర్, సిస్టర్ తప్ప వేరే పిలుపు లేదు. ప్రతి ఆదివారం రొట్టెముక్కలూ, చిన్న చిన్న కప్పుల్లో నీళ్ళూ పళ్ళెంలో పెట్టి వరసలోకి పంపుతారు. ఆ పళ్ళెం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతుంది. పక్కన ఎవరు కూర్చున్నారని ఎవరూ చూడరు. నాన్నకు అన్నిటికంటే నచ్చింది ఆ పళ్ళెమే.

ఇక మా పద్ధతులు. సిగరెట్టు, మందు సరే, వాటితో గొడవే లేదు. టీ, కాఫీ కూడా తాగం. అసలు చిక్కంతా అక్కడే. తెలుగువాళ్ళ ఇంటికి వెళ్ళి కాఫీ వద్దంటే ఊరుకుంటారా? "పోనీ కొంచెం", "పంచదార తక్కువ వేస్తాలే", "మా ఇంటి కాఫీ పనికిరాదేంటి?" అంటూ వెంటపడతారు. నేనొక ఉపాయం కనిపెట్టాను. అడుగు పెడుతూనే "ఒక గ్లాసు మంచినీళ్ళివ్వండి" అని నోరు తెరిచి అడిగేదాన్ని. అడిగి తాగితే ఎవరికీ కష్టం ఉండదు. ఆ గ్లాసు మంచినీళ్ళతోనే నా ఉద్యోగమంతా నెట్టుకొచ్చాను.

నెలలో ఒక్క ఆదివారం మాత్రం ఆ ఉపాయం చెల్లదు. మొదటి ఆదివారం మేం ఉపవాసం ఉంటాం. ముందురోజు రాత్రి భోజనం తర్వాత మళ్ళీ మర్నాడు సాయంత్రమే. పాలూ పళ్ళూ ఉండవు, మంచినీళ్ళు కూడా ముట్టం. ఆ రెండు పూటల తిండి ఖర్చు లేనివాళ్ళకు ఇస్తాం. పైగా, ఉపవాసం ఉన్నామని నలుగురిలో చాటుకోకూడదు. మొహం మామూలుగా పెట్టుకుని ఊరుకోవాలి.

మేడమ్ లిమ్ నియమాలు

మా ఏజెన్సీలో నర్సులందరి మీద మేనేజరు మేడమ్ లిమ్. సన్నగా, చిన్నగా ఉండేది. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. అయినా ఆవిడ ఫోన్ వస్తే అందరం లేచి నిలబడి మాట్లాడేవాళ్ళం.

చేరిన రోజే ఆవిడ రెండు మాటలు చెప్పింది. పేషెంటు ఇంట్లో తినకూడదు. పేషెంటు ఇంట్లో మతం మాట్లాడకూడదు. "ఒక ఇంట్లో తింటే, ఇంకో ఇంట్లో ఎందుకు తినలేదని అడుగుతారు. మతం గురించి ఒక్క మాట అంటే, అది పది మాటలై నా దగ్గరకొస్తుంది" అంది. మంచినీళ్ళు తాగొచ్చా అని అడిగితే, "నీళ్ళు లేకపోతే నువ్వు కళ్ళు తిరిగి పడతావు, తాగు" అంది.

ఆవిడ మాటల్లో తప్పు లేదు, ఇప్పటికీ అంటాను. ఇది అన్ని మతాలవాళ్ళూ ఒకే లిఫ్టులో ఎక్కి దిగే ఊరు. ముఖ్యంగా నాలాంటిదానికి ఆ రెండో మాట మరీ అవసరం. నేను మోర్మన్‌నని తెలిస్తే తెలుగిళ్ళలో చూపు పుండు మీంచి నా మీదకు మళ్ళుతుంది. ఈవిడ కట్టు కట్టడానికి వచ్చిందా, మతం కలపడానికి వచ్చిందా అని. కాబట్టి నేను నోటికి తాళం వేసుకున్నాను.

హౌగాంగ్ ఇల్లు

లింగయ్యగారిది కరీంనగర్ వైపు పల్లె. కొడుకు రమేష్‌కు పాయా లేబర్ అనే పేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తల్లినీ తండ్రినీ తీసుకొచ్చి దగ్గర పెట్టుకున్నాడు. పెద్దాయనకు షుగరు ముదిరి కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు. మిగిలిన గాయానికి రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. అశ్రద్ధ చేస్తే మోకాలి కింద వరకూ తీయాల్సి వస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఆయన భార్య ఎల్లమ్మ. ఆవిడ మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి ఆరా తీసింది.

"మీదే ఊరు బిడ్డా? మీ తాతదే ఊరు? ఊళ్ళె మీ ఇల్లు యాడుంటది?"

పుండు మీద చూపు పెట్టి నేను ఏదో చెబుతూ పోయాను. మా తాతగారి ఊరు, ఇంటి ముందున్న వీధి, ధాన్యం కొట్టు. ఎల్లమ్మ తల ఊపింది. "అయితె పెద్దోళ్ళ బిడ్డవే" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నేనూ దాన్ని పట్టించుకోలేదు. ఛాయ్ ఇస్తానంది, వద్దన్నాను. మంచినీళ్ళడిగాను. ఇచ్చింది, తాగాను. ఎన్నో వారాలు అలాగే సాగింది.

లింగయ్యగారు కట్టు విప్పుతున్నంతసేపూ కబుర్లు చెప్పేవాడు. నొప్పి మరచిపోవడానికి. ఒకరోజు వయసులో ఉన్నప్పటి సంగతి చెప్పాడు.

"దొర పొలంల పనికి పోతుంటిమి. దూపయితె వాళ్ళింటి ఎనకకు పోవాలె. పైకెల్లి నీళ్ళు పోస్తరు, దోసిలి పట్టాలె. తాగేటప్పుడు మొకం అటు తిప్పుకొని తాగాలె. మా మొకం జూస్కుంట వాళ్ళెందుకుంటరు?"

చెప్పి గట్టిగా నవ్వాడు. నేను అయ్యో అన్నాను. అని, గాజుగుడ్డ కత్తిరించుకుంటూ కూర్చున్నాను.

ఆ ఆదివారం

ఆదివారాలు నేను డ్యూటీ చేసేదాన్ని కాదు. ఆ రోజు లింగయ్యగారి వంతు చూడాల్సిన నర్సుకు జ్వరం వచ్చి, మేడమ్ లిమ్ నాకు ఫోన్ చేసింది. చర్చి నుంచి అటే వెళ్ళాను. మొదటి ఆదివారం. మధ్యాహ్నపు ఎండ. బస్సు దిగి బ్లాకు దాకా నడిచేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

ఎల్లమ్మ నన్ను చూస్తూనే స్టీలు గ్లాసుతో ఎదురొచ్చింది. నేను అడగకముందే.

"తాగు బిడ్డా, మొకమంతా వాడిపోయింది."

"వద్దండి, ఎల్లమ్మగారూ."

"ఏంది వద్దు? గుక్కెడన్న తాగు."

"ఇవ్వాళ వద్దండి."

నవ్వుతూనే అన్నాను. ఎల్లమ్మ గ్లాసు వెనక్కి తీసుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. సింకులో నీళ్ళు పారబోసిన చప్పుడు వినిపించింది. నేను సోఫా పక్కన న్యూస్‌పేపరు పరుచుకుని, నా సబ్బుతో చేతులు కడుక్కుని, నా తువ్వాలుతో తుడుచుకుని, గ్లౌజులు తొడుక్కున్నాను. లింగయ్యగారు ఆ గ్లౌజుల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ఆయన ఒక్క కబురు కూడా చెప్పలేదు. ఎండకు డీలా పడ్డాడనుకున్నాను.

కొత్తగా చేరే అమ్మాయిలూ, ఇక్కడ ఒక్క మాట. పేషెంటు ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే ఎండ అనుకోకండి.

మూసిన గేటు

మంగళవారం వెళ్ళేసరికి చెక్క తలుపు తీసే ఉంది. ఇనుప గేటుకు మాత్రం తాళం. ఎల్లమ్మ లోపల నిలబడి ఉంది.

"వద్దు సిస్టర్. మా కొడుకు మీ ఆఫీసుకు ఫోన్ జేసిండు."

అన్నాళ్ళూ బిడ్డా అని పిలిచిన మనిషి సిస్టర్ అంది.  ఏమైందండీ అని అడిగాను. కాలు ఒక్కసారి చూసి వెళ్ళిపోతానన్నాను. "ఇయ్యాల వద్దు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మేడమ్ లిమ్ అడిగింది, ఆ ఇంట్లో ఏం చేశావని. ఏమీ చేయలేదన్నాను. రమేష్ సర్వీసు ఆపేయమన్నాడట. సర్కారు పాలీక్లినిక్‌కు తీసుకెళ్తాం, మేమే చూసుకుంటాం అన్నాడట. వాళ్ళు చూసుకోలేరని నాకు తెలుసు. లింగయ్యగారు గడప దాటడు. రమేష్‌కు ఆఫీసులో ఊపిరాడదు. మేడమ్ లిమ్ వేరే నర్సును పంపుతానని రెండుసార్లు ఫోన్ చేసింది. వద్దన్నారు. వద్దన్నవాళ్ళ ఇంట్లోకి చొరబడే హక్కు మాకు లేదు.

ఆ రాత్రి నా కూతురు రూత్ నా మొహం చూసి కూపీ లాగింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలిస్తుంది. చర్చికి ఒక వారం వస్తుంది, రెండు వారాలు రాదు. ఆ గొడవ మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే.

"అమ్మా, ఫాస్టింగ్ అని చెప్పొచ్చు కదా లా! వై సో సీక్రెట్?"

"చాటుకోకూడదే. ఆఫీసు కూడా ఊరుకోదు."

"దెన్ హౌ? వాటర్ కూడా వద్దంటే వాళ్ళు ఏమనుకుంటారు?"

ఏమనుకుంటారో అప్పుడు తట్టింది నాకు.  మర్నాడు పొద్దున్నే ఎల్లమ్మకు ఫోన్ చేశాను. ఎత్తుతుందనుకోలేదు. ఎత్తింది. ఎత్తి, ఒక్కసారిగా దులిపేసింది.

"ఇన్ని దినాలు తాగి, మేమెవలమో ఎరుకయినంక మా నీళ్ళు ముట్టనిదానివి మా ఆయన కాలెట్ల ముట్టినవ్? ఆఁ, గ్లౌజులున్నయ్ గద! ఛాయంటె వద్దంటివి. మా ఇంట్ల కూసునేటందుకు పేపరు ఏసుకుంటివి. మా సబ్బు వద్దాయె, మా తువ్వాల వద్దాయె. నేను పిచ్చిదాన్నయి గియ్యన్ని దవఖాన పద్ధతులనుకున్న. దేశంగాని దేశం వచ్చినా గదేనా సిస్టర్? గిక్కడ గూడ మేం మొకం తిప్పుకొనే తాగాలెనా?"

 పుండు ఎలా ఉందండీ అన్నాను.

"పసుపేసి కట్టిన."

"వాసన ఏమైనా వస్తోందా? కాలు వేడిగా ఉందా? ఎల్లమ్మగారూ?"

ఫోన్ పెట్టేసింది.

ఒకేలా కనిపించే రెండు పనులు

నర్సింగ్ స్కూల్లో నాకు ఎవరూ చెప్పని సంగతి ఇది. శుభ్రత, అంటరానితనం బయటికి ఒకేలా కనిపిస్తాయి. గ్లౌజు తొడగడం, విడిగా సబ్బు, కింద పేపరు, ఇంట్లో ఏదీ తాకకపోవడం. మనకది ఇన్ఫెక్షన్ రాకుండా చేసే జాగ్రత్త. బతుకంతా ఆ పనులే అవమానంగా చూసినవాళ్ళకు అది వేరే. మధ్యలో ఉన్న తేడా ఒక గ్లాసు మంచినీళ్ళు. అది నేను తాగుతున్నన్నాళ్ళూ నా గ్లౌజులు దవాఖానా గ్లౌజులు. తాగని రోజున అవి పెద్ద కులం గ్లౌజులైపోయాయి.

నాన్న పేరు చివరి తోక తీసేశాడు నిజమే. కులం పోయిందని మేం అనుకున్నాం, అంతే. మనం వదిలేశామని చెప్పుకోవడం సులువు. ఎదుటి మనిషి దాన్ని మన నీడలా చూస్తూనే ఉంటాడు, చూడక ఏం చేస్తాడు పాపం? మతం మారితే కులం పోతుందని సంబరంగా చెప్పేవాళ్ళు మా చర్చిలో కూడా ఉన్నారు. వాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఆదివారం పొద్దున చర్చి వరసలో చిన్న కప్పు నీళ్ళు తాగాను. ఉపవాసమున్నా అవి తాగుతాం. ఎవరి చేతిలోంచి వచ్చాయో కూడా చూడకుండా తాగి, అదే మధ్యాహ్నం ఎల్లమ్మ చేతి గ్లాసు వద్దన్నాను. అదొక బాధ. ఇంకోపక్క కాలు. రోజులు గడిచిపోతున్నాయి. పసుపు కింద ఏం జరుగుతోందో నాకు తెలిసినట్టు వాళ్ళకు తెలియదు.

శుక్రవారం మా బిషప్‌కు ఫోన్ చేశాను. బిషప్ అంటే పెద్ద అంగీ, బంగారు కర్ర ఊహించుకోకండి. మా బిషప్‌లకు జీతం ఉండదు. ఈయన వారమంతా లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏదో లిఫ్టు పక్కనే నిలబడి, ఇంగ్లీషులో నా ఏడుపంతా విన్నాడు.

"సిస్టర్, మొన్న ఉపవాసం ఎవరి కోసం ఉన్నావు?" అన్నాడు.

"మొదటి ఆదివారం కదా. అందరూ ఉంటారని ఉన్నాను."

"అయితే ఈసారి ఒకరి కోసం ఉండు."

ఎవరికైనా కష్టం వస్తే వాళ్ళ పేరున విడిగా ఉపవాసం ఉండటం మాలో ఉన్నదే. భయంలో ఆ సంగతే మరిచాను. మరి ఉపవాసం విడిచేది ఎక్కడ అని నన్ను నేనే అడిగాను. జవాబు తోచాక ఇంకా భయమేసింది.

ఆకలి

శనివారం రాత్రి అన్నం తిన్నాక మళ్ళీ ఏమీ ముట్టలేదు. ఆదివారం సాయంత్రం కట్టు సామాను సంచిలో పెట్టుకుని హౌగాంగ్ బయల్దేరాను. రైల్లో నిలబడితే కళ్ళు బైర్లు కమ్మాయి. గేటు తీయకపోతే? తీసేసరికే ఆలస్యమైపోయుంటే? నా ఉద్యోగం ఊడితే? ఈ మూడు ప్రశ్నలే దారి పొడుగునా.

ఎల్లమ్మ గేటు దగ్గరకొచ్చి కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"ఎల్లమ్మగారూ, నాకు ఆకలేస్తోంది. అన్నం పెట్టండి."

"ఏందీ?"

"నిన్న రాత్రి నుంచి తిండి లేదు, నీళ్ళు లేవు. పెద్దాయన కాలు బాగుండాలని ఉపవాసం ఉన్నాను. నేను మోర్మన్‌నండి. మా ఉపవాసంలో నీళ్ళు కూడా తాగకూడదు. పోయిన ఆదివారం కూడా అదే. ఈ ఉపవాసం మీ ఇంట్లోనే విడుద్దామని వచ్చాను."



"ఒక్కపొద్దున్నవా?"

"అవునండి."

"గా దినం గూడ ఒక్కపొద్దేనా?"

"అవునండి."

"నోట్ల నాలుక లేదా నీకు? జెప్పొద్దా? ఒక్క మాట జెప్తె నీ సొమ్మేం బోయింది?" అంటూనే తాళం తీసింది.  "మేము గూడ ఒక్కపొద్దుంటం. ఛాయ్ తాగుతం, నీళ్ళు తాగుతం. మీ దేవుడేంది గంత కట్టె మనిషి?"

ముందు మంచినీళ్ళిచ్చింది. గటగటా తాగేశాను. తర్వాత స్టీలు కంచంలో అన్నం, పచ్చిపులుసు, కోడిగుడ్డు పెట్టింది. కూర ఉడుకు చేస్తానంటే వద్దని, లింగయ్యగారి కుర్చీ పక్కనే కింద కూర్చుని చెయ్యి పెట్టాను.

రెండో ముద్ద నోట్లో ఉండగా వాసన తగిలింది. కుర్చీ మీంచి. ఈ పనిలో ఉన్న ఏ నర్సూ పొరబడని కుళ్ళు వాసన అది.  కంచం పక్కన పెట్టేసి కాలు చూడాలని చెయ్యి లాగేస్తోంది. సగంలో లేస్తే ఏమనుకుంటారు? ఇదిగో, తినలేకపోయింది అనుకుంటారు. ఇక జన్మలో ఆ కాలు నాకు ఇవ్వరు. తలొంచుకుని తిన్నాను. ప్రతి మెతుకూ తిన్నాను. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన కష్టమైన పని ఏదని అడిగితే ఆ కంచమే చెబుతాను.

లింగయ్యగారు నా చెయ్యి వైపే చూస్తున్నాడు. "ఉప్పు సరిపోయిందా?" అన్నాడు. వారం తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట.

"సరిపోయిందండి."

గదిలోంచి రమేష్ వచ్చాడు. "ఆంటీ, సారీ ఆంటీ, నేను..." అంటున్నాడు. "సారీ తర్వాత చెబుదువుగాని బాబూ, ముందు టాక్సీకి ఫోన్ చెయ్యి" అన్నాను.

చేతులు కడుక్కున్నాను. ఎల్లమ్మ సబ్బుతోనే ముందు, తర్వాత నా మందుతో. గ్లౌజుల డబ్బా తీశాను. తీశాక చెయ్యి ఆగిపోయింది. ఒట్టి చేతులతో ముట్టుకుంటే చూడ్డానికి ఎంత బావుంటుందో నాకు తెలుసు. అలాంటి పుండును ఒట్టి చేత్తో ముట్టుకున్నది నర్సు కాదు, అదీ తెలుసు. అటూ ఇటూ కాకుండా నిలబడ్డాను.

"ఏసుకో బిడ్డా" అన్నాడు లింగయ్యగారు. "చెయ్యి మా కంచంల బెట్టినవ్. ఇగ గ్లౌజులేసుకుంటె మాకేంది?"

తొడుక్కున్నాను. కట్టు విప్పాను. పసుపు పెచ్చు కింద మూడో వేలు నల్లబడింది. ఎరుపు పాదం మీదకు పాకుతోంది. ఎవరికీ ఏమీ చెప్పకుండా మెత్తగా గుడ్డ చుట్టి, పదండి అన్నాను. గడప దాటని మనిషి నా భుజం పట్టుకుని దాటాడు.

ఆసుపత్రిలో ఆ వేలు తీసేశారు. పాదం కొంత చెక్కారు. ఇంకొంచెం ఆలస్యమైతే కాలు తీసేవాళ్ళమన్నాడు సర్జన్. ఎల్లమ్మ నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, భయం తీరాక వచ్చే ఏడుపు.

మేడమ్ లిమ్ ఏమంది

మర్నాడు వెళ్ళి నేనే చెప్పాను. పేషెంటు ఇంట్లో తిన్నాను, మతం మాట్లాడాను అని. ఆవిడ అంతా విని, హెచ్చరిక ఇచ్చింది. ఇవ్వాల్సిందే. నియమం అందరికీ ఒకటే. తర్వాత అడిగింది, "ఆ కేసు మళ్ళీ నీకే కావాలంటున్నారు. వెళ్తావా?" అని.

ఆ నెల నుంచి కొత్త నర్సులకు ఆవిడ ఇంకో మాట నేర్పడం మొదలుపెట్టింది. గ్లౌజు తొడిగే ముందు, ఎందుకు తొడుగుతున్నారో పేషెంటు మొహం చూసి చెప్పండి అని. నా చేతి మీది క్రిములు మీ పుండుకు అంటకుండా, అని చెప్పాలి. ముందు మనల్ని మనం అంటుగా చెప్పుకోవాలి. ఇంట్లోవాళ్ళ మొహాలు అప్పుడు ఎలా విప్పారతాయో మీరే చూస్తారు. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళైనా సరే, ఇచ్చిన మంచినీళ్ళు వద్దనాల్సి వస్తే కారణం ఒక్క ముక్క చెప్పండి. అది చాటుకోవడం కాదు. ఇంకో మాట, మా వాళ్ళకు కోపం వచ్చినా సరే. ఎండలో డ్యూటీ ఉన్న రోజున గొంతు ఎండబెట్టుకోవడం తెలివైన పని కాదు. నేను మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

మళ్ళీ మొదటి ఆదివారం

లింగయ్యగారు ఇంటికొచ్చాక వచ్చిన నెల మొదటి ఆదివారం నేను అడిగి మరీ ఆ డ్యూటీ వేయించుకున్నాను. ఎల్లమ్మ గేటు తీసింది. చేతిలో గ్లాసు లేదు. "ఐదైనంక తాగుతువు, తినే పో" అంది.

పేపరు పరుచుకుని, కాలు ఒళ్ళో పెట్టుకుని, గ్లౌజులు ఎందుకో చెప్పి, తొడుక్కున్నాను. ఆయన నవ్వాడు, ఎన్నిసార్లు జెప్తవ్ బిడ్డా అని. మిగిలిన వేళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. అయినా ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాను. నా భయం నాది.

"ఎల్లీ, దూపయితుంది, నీళ్ళియ్యి" అన్నాడాయన.

"ఆగు జెర! బిడ్డ ఒక్కపొద్దున్నది. ఆమె ముంగట తాగుతవా?"

"అయ్యో, షుగరు మనిషండీ, నీళ్ళు ఆపకూడదు. ఇచ్చేయండి" అన్నాను కంగారుగా.

ఎల్లమ్మ సణుక్కుంటూనే గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు అందుకుని, నన్నొకసారి చూసి, నా ముందు తాగడం బావుండదని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కట్టు కడుతున్న నా చేతులు ఆగిపోయాయి.

"పెద్దాయనా, ఇటు తిరిగి తాగండి."

"నీకు దూప కాదా బిడ్డా?"

"అయితే అవనివ్వండి. ఇటు తిరగండి."

తిరిగాడు. నా మొహంలోకి చూస్తూ గ్లాసు మొత్తం తాగాడు.